ఆత్రేయపురం దాకా వచ్చిన అల్గారిదం

పూతరేకుల రీల్ ఎలా ఉండాలో ఆత్రేయపురం చూడకముందే నాకు తెలుసు. మొదటి మూడు సెకన్లలో బోర్లించిన కుండ, దాని మీద తడిగుడ్డ సర్రున జారడం, ఆ వెంటనే పల్చటి రేకు పైకి లేవడం. ఆ చప్పుడు మైకులో స్పష్టంగా పడాలి. తర్వాత స్లో మోషన్‌లో నెయ్యి. చివర్లో పూతరేకును విరిచి చూపించే చెయ్యి, తెర మీద ధర, కింద ‘లొకేషన్ బయోలో ఉంది’. నేను మాదాపూర్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను. బిర్యానీ అయినా, బంగారం అయినా, పళ్ల ఆసుపత్రి అయినా మా దగ్గర మూడు సెకన్ల సూత్రం ఒక్కటే. ఆలోపు చూసేవాళ్ల బొటనవేలు ఆగకపోతే మిగతాదంతా దండగ.

దీపావళికి ముందు ఆత్రేయపురంలోని ఒక పూతరేకుల దుకాణం మాకు క్లయింటుగా వచ్చింది. యజమాని తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మమ్మల్ని పట్టుకున్నది ఆయనే. పండగ సీజన్‌కి నెలకిన్ని రీల్స్, ఇన్ని పోస్టర్లు, ఇంత యాడ్ ఖర్చు అని ఒప్పందం. ఆఫీసులో కూర్చుని పోస్టర్ల కోసం ఎ.ఐ.తో పూతరేకు బొమ్మ గీయించాం. ఒకసారి అప్పడం వచ్చింది, ఇంకోసారి పంచదార చల్లిన పరోటా వచ్చింది. కాగితం కన్నా పల్చటి తినే వస్తువు ఒకటుంటుందని ఆ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ‘నువ్వే వెళ్లి తీసుకురా, ఫోన్ చాలు’ అన్నాడు మా టీమ్ లీడ్.

నాది కరీంనగర్. గోదావరి జిల్లాలంటే అప్పటిదాకా నాకు సినిమాల్లో చూసిన కొబ్బరిచెట్లే. ఈ ఉద్యోగంలోకి కూడా ప్లాన్ ప్రకారం వచ్చింది లేదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌ల మీద నిషేధం పడినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి కుర్తీలు అమ్ముకునే మా ఎదురింటి అక్క టిక్‌టాక్‌లోనే ఫాలోవర్లను సంపాదించుకుంది. రాత్రికి రాత్రి దుకాణం ఉన్న వీధే మాయమైంది. జులై 8న ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది, అప్పట్లో 15 సెకన్ల నిడివి. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. కొత్త చోట అక్కకి ఖాతా తెరిచి, వీడియోలు కత్తిరించి, పాట తగిలించి ఇచ్చాను. అలా చేస్తూ చేస్తూ పని నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో ఉన్నవాళ్లలో చాలామందిది ఇదే కథ. మార్కెటింగ్ పుస్తకం చదివి వచ్చినవాళ్లు తక్కువ, నిషేధం తెచ్చిన వలసలో తేలినవాళ్లు ఎక్కువ.

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటేసరికి బాగా తెల్లవారింది. అప్పటిదాకా ముసుగుతన్ని పడుకున్న బోగీ మొత్తం ఒక్కసారిగా తలుపుల దగ్గరికి వచ్చేసింది. ఒక్కో తలుపు దగ్గర నాలుగైదు ఫోన్లు. పక్కన పాత హేవలాక్ వంతెన, 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసి విశ్రాంతి తీసుకుంటోంది. దాన్ని ఫ్రేములోకి ఎలా తేవాలా అని నేనూ చూస్తూనే ఉన్నాను. నా ముందు ఒక తల్లీ కూతురూ. తల్లి కళ్లు మూసుకుని, కొంగు సర్దుకుని, రూపాయి బిళ్ల నదిలోకి విసిరి దండం పెట్టింది. కూతురు ఫోన్ చూసుకుని మొహం చిట్లించింది.

‘‘మమ్మీ, రాలేదు. ఇంకొకటి వెయ్యి.’’

‘‘గోదారమ్మకి టేకులేంటే!’’ అంది తల్లి. అన్నా, పర్సు తీసింది. రెండోసారి వేసేటప్పుడు కళ్లు మూసుకోలేదు, కూతురు వైపు చూస్తూ వేసింది. వీడియో బాగా వచ్చింది, నేను వెనక నుంచి చూశాను. ఆ పిల్లకి ఫ్రేమింగ్ తెలుసు.

రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం వైపు వెళ్లే ఆటో మాట్లాడుకున్నాను. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కడి నుంచి ఆత్రేయపురం. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టిన చోటే 1970లలో మొదలుపెట్టి ఇప్పటి బ్యారేజీ కట్టారు. ఈ ప్రాంతంలో కాటన్ పేరు ఎక్కడ చూసినా ఉంటుందని విన్నాను గానీ, పూతరేకుల దాకా వస్తుందనుకోలేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టుకున్న తయారీదారుల సంఘం పేరులోనూ సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. నీళ్లు వస్తేనే వరి, వరి ఉంటేనే రేకు. లెక్క సరిగ్గానే ఉంది మరి.

ఆత్రేయపురం దగ్గరపడేకొద్దీ రోడ్డుకి రెండు పక్కలా పూతరేకుల బోర్డులే. ‘అసలైన’, ‘ఒరిజినల్’, ‘అసలు సిసలు’ అని ఒకరిని మించి ఒకరు. వాటి పక్కన కొత్తరకం ఫ్లెక్సీలు: ఫలానా యూట్యూబర్ మా షాపులో తిన్నప్పటి ఫొటో, సబ్‌స్క్రైబర్ల సంఖ్యతో సహా. ఒకప్పుడు ఇలాంటి చోట సినిమా హీరో ఫొటో ఉండేది. ఒక దుకాణం బోర్డు మీద ఇన్‌స్టాగ్రామ్ పేరు, ఫోన్‌పే స్కానర్, వాట్సాప్ నంబరు మూడూ ఉన్నాయి, దుకాణం పేరు మాత్రం చెట్టు కొమ్మ చాటున పడిపోయింది. ఎవరూ కొమ్మ కొట్టించలేదంటే దాని అవసరం పెద్దగా లేదన్నమాట.

మా క్లయింటుకి రేకులు తీసి ఇచ్చేది దుకాణంలో కాదు. ఊళ్లో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర తీస్తారు, దుకాణాల వాళ్లు కొనుక్కుంటారు లేదా కూలికి తీయిస్తారు. దుకాణం కోడలు నన్ను అలాంటి ఒక ఇంటికి తీసుకెళ్లింది. పెరట్లో తాటాకుల చూరు కింద పొయ్యి, దాని మీద అడుగు పైకి వచ్చేలా బోర్లించిన కుండ. ఒక పక్కన కుండకి కన్నం ఉంది, అందులోంచి ఎండు కొబ్బరాకు లోపలికి తోస్తున్నారు. పక్కన వెడల్పాటి పళ్లెంలో పాలలాంటి పల్చటి పిండి. జయ బియ్యం నానబెట్టి రుబ్బిందట, వేరే బియ్యానికి రేకు నిలబడదట. పీట మీద కూర్చున్న పెద్దావిడకి అరవై దగ్గర ఉంటాయేమో. ‘‘అమ్మా, నమస్తే’’ అన్నాను. ‘‘పిన్నీ అనమ్మా, అమ్మా అంటే మా అత్తగారనుకుంటాను’’ అంది.

ఆవిడ గుడ్డని రెండు చేతులతో పిండిలో పరిచి, ఎత్తి, కుండ మీద ఇటు నుంచి అటు లాగేస్తుంది. గుడ్డ ఇంకా గాల్లో ఉండగానే రేకు అంచులు లేస్తాయి. గోటితో అంచు పట్టుకుని తీసి పక్కన పెట్టడం, మళ్లీ గుడ్డ ముంచడం. మధ్యలో ఎడమ చేత్తో కొబ్బరాకు తొయ్యడం. ఇవన్నీ వేర్వేరు పనులని నేను రాస్తున్నాను గానీ, చూస్తుంటే ఒకటే ఊపు. నేను ఫోన్‌లో స్లో మోషన్ పెట్టుకుని దగ్గరికి జరిగాను.

‘‘వెలుతురికి అడ్డం రాకమ్మా. ఇట్నించి తియ్యి, అందరూ ఇట్నించే తీస్తారు’’ అంది. కెమెరా ఎక్కడ పెట్టాలో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు.

‘‘చాలామంది వస్తారా పిన్నీ?’’

‘‘వస్తారు. వచ్చినోళ్లందరిదీ ఒకటే మాటమ్మా, కొంచెం మెల్లగా తియ్యండి అంటారు. మెల్లగా తీస్తే మాడిపోద్ది. పోనీ పాపం అడిగారు గదాని మెల్లగా లాగితే పిండి మందంగా అంటుకుంటది. ఆ రేకు పనికిరాదు. పనికిరాని రేకే వీడియోలో బాగుంటదంట.’’

పక్కన మాడినవీ చిరిగినవీ ఒక బుట్టలో పడేసి ఉన్నాయి. వాటిలో వీడియోల వాళ్ల కోసం తీసినవి ఎన్నో నేను అడగలేదు. నా స్లో మోషన్ మాత్రం ఫోన్‌లోనే జరుగుతుంది కాబట్టి ఆవిడ వేగం ఆవిడదే. అయినా చప్పుడు కోసం కాలర్ మైకు కుండ దగ్గర పెట్టాల్సి వచ్చింది, పెట్టాను. వేడికి మైకు మీది స్పాంజి వాసన వచ్చింది.

నిండా పొగ. రెండు నిమిషాలకే నా కళ్లు మండిపోయాయి. రీల్‌లో పొగ అందంగా ఉంటుంది, వెనక నుంచి ఎండ పడితే మరీను. ఈ పొగలో పొద్దుటి నుంచి కూర్చునే మనిషికి కూలి వంద రేకుల లెక్కన. ‘‘వీడియోలు వచ్చాక రేటు పెరిగిందా?’’ అని అడిగితే పిన్ని నవ్వింది. ‘‘పని పెరిగింది’’ అంది. అది మంచి మాటే, పని లేని రోజుల కన్నా మంచిదే అని తనే మళ్లీ అంది. కానీ తన మొహం ఉన్న వీడియోని ఎన్ని లక్షల మంది చూశారో, ఆ లక్షల్లోంచి తనకేమైనా రావాలో లేదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆ వీడియోలు మనవడు చూపిస్తాడట.

తెలుగు సోషల్ మీడియాని గెలిచింది నిజానికి ఇలాంటి పెద్దావిడలే. తెనాలి వైపు గుడివాడ అనే పల్లెలో మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద పుచ్చకాయ చికెన్ వండితే ప్రపంచం చూసింది. నూరేళ్లు దాటిన ఆ మనిషి 2018 డిసెంబరులో పోయేనాటికి కంట్రీ ఫుడ్స్ ఛానల్‌కి పది లక్షలకు పైనే సబ్‌స్క్రైబర్లు. మా జగిత్యాల వైపు లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో గంగవ్వని ఇంటింటి మనిషిని చేసింది, 2020లో ఆమె బిగ్‌బాస్ ఇంట్లోకి కూడా వెళ్లింది. వాళ్లిద్దరికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. కెమెరా పట్టుకున్నది ఇంటివాడో ఊరివాడో. మస్తానమ్మ మునిమనవడు, గంగవ్వ ఊరి కుర్రాళ్లు. అందుకే ఛానల్ పెరిగితే ఆ పేరు కూడా పెరిగింది. ఇక్కడ కెమెరా పట్టుకున్నది నాలాంటి వాళ్లు. పొద్దున దిగి సాయంత్రానికి వెళ్లిపోతాం. పిన్ని చేతులు వెళ్తాయి, పేరు వెళ్లదు. నేను తీసిన వీడియోలో పేరు పెడతానంటే వద్దంది. ‘‘మళ్లీ మిగతా షాపులోళ్లు నాకు పని ఇవ్వరమ్మా, ఫలానా షాపు మనిషి అనుకుంటారు.’’ ఈ సంగతి మా మీటింగుల్లో ఎప్పుడూ రాలేదు.

దుకాణంలో పని రెండో సగం. రేకుల మీద తడిగుడ్డ తాకించి మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, జీడిపప్పు, బాదం పలుకులు వేసి మడతపెడతారు. ఇప్పుడు చాక్లెట్‌వీ వస్తున్నాయి. నాకు నచ్చింది నెయ్యి, బెల్లం వేసిన పాతదే. చాక్లెట్ పూతరేకు ఉన్నది నోటి కోసం కాదు, థంబ్‌నెయిల్ కోసమని నా అభిప్రాయం. దాన్ని తిన్నవాళ్లు మళ్లీ అడగరట, కానీ వచ్చినవాళ్లు ఒకసారి తప్పకుండా అడుగుతారట.

అసలు విషయం రాత్రి తొమ్మిది దాటాక తెలిసింది. షట్టర్ సగం దించాక అక్క (దుకాణం కోడల్ని అలాగే పిలిచాను) చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి, ఒక రూళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వాట్సాప్ బిజినెస్ తెరిచింది. తెర నిండా ఆకుపచ్చ చుక్కలు.

‘‘హాయ్ అని పెట్టి మళ్లీ కనపడనోళ్లు సగం మంది. రేటెంత అని అడిగి, చెప్పాక థంబ్ పెట్టేవోళ్లు కొంతమంది. పిన్‌కోడ్ పంపినోళ్లు మాత్రం కొంటారు. నేను పిన్‌కోడ్ కోసమే చూస్తానమ్మా’’ అంది, వేలితో కిందికి తోస్తూ. లీడ్ క్వాలిఫికేషన్ అని మేము క్లయింట్లకి స్లైడ్లు వేసి చెప్పేది ఇదే. దానికి మా ఆఫీసులో నెలనెలా చందా కట్టే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది.

ఒక్కో సందేశానికి ఆవిడ జవాబు చూశాను. హైదరాబాద్ వాళ్లకి టైపు చేస్తుంది. పెద్దవాళ్ల ఫొటో ఉంటే వాయిస్ మెసేజ్ పెడుతుంది: ‘‘నమస్తే అండీ, బెల్లంవి తొందరగా మెత్తబడతాయండీ, మీరు దూరం కాబట్టి పంచదారవి తీసుకోండి.’’ డాలస్ నుంచి ఒకావిడ కూతురి సీమంతానికి అడిగితే, ఏ రోజు పంపితే ఏ రోజుకి చేరుతుందో వేళ్ల మీద లెక్కేసి, ‘‘ఇప్పుడొద్దండీ, నేను చెప్పినప్పుడు డబ్బులు పంపండి’’ అంది. వచ్చే డబ్బుని వద్దనడం మా అమ్మకాల ఫన్నెల్‌లో ఏ మెట్టు కిందికీ రాదు. కానీ ఆ డాలస్ ఆవిడ అంతకుముందు పంపిన ఆర్డర్లు చూపించింది అక్క, పుస్తకంలో ఒక పేజీ నిండా ఉన్నాయి. రీల్ చూసి వచ్చినవాళ్ల పక్కన ‘రీ’ అని, ఎవరో చెబితే వచ్చినవాళ్ల పక్కన ‘చు’ అంటే చుట్టాలు అని రాసుకుంటుంది. ‘చు’ల్లో మళ్లీ మళ్లీ వచ్చిన పేర్లే కనబడ్డాయి. ‘రీ’లు చాలా ఉన్నాయి, ఒక్కొక్కసారే.

‘‘మరి రీల్స్ ఎందుకక్కా?’’

‘‘కొత్తోళ్లు రావాలి గదమ్మా. వాళ్లలోంచే ‘చు’లు అయ్యేది. కాకపోతే అందరూ ఒకేసారి వచ్చేస్తేనే గొడవ.’’

వేసవిలో ఆ గొడవ జరిగిందట. ఎవరో ఫుడ్ వ్లాగర్ దారిన పోతూ ఆగి వీడియో తీసుకెళ్లాడు. అది ఎలా ఎక్కిందో ఎక్కేసింది. నాలుగు రోజులు ఫోన్ కింద పెట్టనివ్వలేదు. పాత ఖాతాదారులు చేస్తే బిజీ. ఆర్డర్లు తీసుకున్నారు, రేకులు లేవు. ఒక మనిషి రోజుకి ఎన్ని రేకులు తియ్యగలదో అన్నే తీస్తుంది, వ్యూస్ పది రెట్లయితే కుండలు పది రెట్లు కావు. ఆలస్యమైనవాళ్లు కామెంట్లలో తిట్టారు. తిట్లు చూసి అల్గారిదం ఇంకా సంతోషించి వీడియోని మరింతమందికి చూపించింది. దానికి తిట్టయినా మెచ్చుకోలయినా ఒకటే లెక్క.

ఆ మాట వింటుంటే నాకు మా ఆఫీసు దగ్గర్లోని కుమారి ఆంటీ భోజనాల బండి గుర్తొచ్చింది. 2024 జనవరిలో రీల్స్ పుణ్యమా అని జనం ఎంత విరగబడ్డారంటే, ట్రాఫిక్ ఆగిపోయి పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని అక్కడే ఉండనివ్వమంటే గానీ తేలలేదు. రోడ్డు పక్క భోజనం గురించి ముఖ్యమంత్రి కార్యాలయం మాట్లాడాల్సి వచ్చిందంటే వైరల్ అనేది ఎంత బరువో చూడండి. ఆమె తట్టుకుని నిలబడింది. అందరి అదృష్టం అలా ఉండదు. మేము క్లయింటుకి అమ్మేది ఆ బరువునే, ‘మీ వీడియో వైరల్ అయితే’ అని కళ్లు పెద్దవి చేసి. నిజంగా అయితే ఏం చెయ్యాలో మా ప్రతిపాదనలో ఒక్క పేజీ కూడా ఉండదు.

ఆ వ్లాగర్ డబ్బు అడగలేదు. తర్వాత వచ్చినవాళ్లు అడిగారు. ఒక కుర్రాడు రీల్‌కి ఇంత, స్టోరీకి ఇంత, వాటితో పాటు ఇంటికి తీసుకెళ్లడానికి పెట్టెలు అని ధరల పట్టిక పంపాడు. వీడియోలో ‘నేను అనుకోకుండా ఈ షాపు దగ్గర ఆగాను’ అంటాడట. డబ్బో వస్తువో తీసుకుని చెప్పే మాటకి ప్రకటన అని స్పష్టంగా ముద్ర వెయ్యాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నిబంధన పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షలు, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఈ సంగతి అక్కకి చెబితే, ‘‘మరి ఆళ్లందరూ అనుకోకుండానే ఆగుతారేంటమ్మా?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఉన్నా, ఆ ముద్రని ‘మరిన్ని’ అనే బటన్ చాటున, ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య దాచే కళ మా వృత్తిలో అందరికీ వచ్చిందే. పూతరేకు ఎవరైనా మెచ్చుకోదగ్గదే, దానికి అబద్ధం అవసరం లేదు. డబ్బు తీసుకున్నానని చెప్పి మెచ్చుకున్నా జనం తింటారు. నమ్మకం తగ్గుతుందేమోనని భయపడేది వ్లాగర్లే.

మర్నాడు శనివారం. ఇదే మండలంలో వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. వరసగా ఏడు శనివారాలు దర్శించుకుంటే కోరిక తీరుతుందని నమ్మకం. ఆటో బాబాయ్ పొద్దున్నే వచ్చి ‘‘ఇప్పుడే బయల్దేరాలమ్మా, ఎనిమిది దాటితే దారి ఉండదు’’ అన్నాడు. నిజంగానే లేదు. కార్ల నంబరు ప్లేట్లు చూస్తే తెలంగాణవీ బోలెడు. క్యూలో నా ముందున్న అమ్మాయి ఫోన్‌లో ‘వారం 4/7’ అని స్టోరీ పెట్టుకుంది. గుడి పాతదే, నమ్మకం పాతదే. ఏడు వారాలు, ఏడు భాగాలు, చివరికి కోరిక తీరిందా లేదా అనే ఉత్కంఠ. మేము బుర్రలు పగలగొట్టుకుని తయారుచేసే కంటెంట్ క్యాలెండర్ ఇంతకన్నా బాగా ఉండదు. బాబాయ్‌కి ఈ విశ్లేషణ నచ్చలేదు. ‘‘దేవుడు పిలిస్తేనే వస్తారమ్మా, ఫోన్ పిలిస్తే కాదు’’ అన్నాడు. ఆయన ఆటో వెనక మాత్రం శనివారం ప్రత్యేక ట్రిప్పులకి ఫోన్ నంబరూ, యూట్యూబ్ ఛానల్ పేరూ రాయించి ఉన్నాయి. ఛానల్ వాళ్లబ్బాయిదట.

తిరుగు రైలుకి ఇంకా సమయం ఉంది. కాకినాడ బస్సెక్కాను. కారణం మా పెద్దమ్మ. ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ చూసి ఆవిడ ‘ఉప్పాడ’ చీర కొంది. వచ్చింది మగ్గం మొహం చూడని ప్రింటు చీర. తిప్పి పంపుతామంటే ‘పార్సిల్ విప్పిన వీడియో ఉందా?’ అన్నారు. ఈ లైవ్ అమ్మకాల్లో అదొక చట్టంలా నడుస్తోంది: విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యాలి, లేకపోతే వాపసు లేదు. చీర కట్టుకునేవాళ్లు కూడా కెమెరామెన్లు కావాలి. అందుకే ఈసారి నన్నే చూసి తెమ్మంది.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డుని సముద్రం కొరుక్కుతింటూనే ఉంటుంది, రాళ్లు వేస్తూనే ఉంటారు. ఊళ్లో మగ్గం చప్పుడు విని ఒక ఇంట్లోకి వెళ్లాను. గుంట మగ్గం మీద భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. జాందానీలో పువ్వు వచ్చిన చోటల్లా విడి దారాన్ని చేత్తో పడుగులోకి దూర్చాలి, ఆ తర్వాత పేక నడపాలి, మళ్లీ పువ్వు దగ్గర ఆగాలి. నేను చూస్తున్నంత సేపట్లో చీర బొటనవేలి గోరంత కూడా ముందుకి జరగలేదు. పనిని బట్టి ఒక్కో చీరకి నెలలు పడతాయి. 2009లోనే ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఫోన్‌లో ఉప్పాడ అని వెతికితే ముందు వరుసలో వచ్చే చీరల్లో ఎన్ని ఈ ఊరివో చెప్పడం కష్టం. హ్యాష్‌ట్యాగ్‌కి గుర్తింపు కార్డు అడిగేవాళ్లు లేరు.

వాళ్లబ్బాయి ఇంటరో డిగ్రీయో చదువుతున్నాడు, సాయంత్రాలు లైవ్ పెడతాడు. అప్పుడే మొదలవుతోంది, కూర్చుని చూశాను. పాట లేదు, లైట్లు లేవు, ‘త్వరపడండి, ఒక్కటే పీస్’ అనే కేకలు లేవు. ఫోన్‌ని స్టూలు మీద నిలబెట్టి, చీర విప్పి, ముందు లోపలి వైపు చూపించాడు. ‘‘వెనకాల చూడండమ్మా. దారాలు వేలాడట్లేదు, పువ్వు ఇటు ఎలా ఉందో అటూ అలాగే ఉంది. మీరు ఎక్కడ కొన్నా ముందు ఇది చూసుకోండి, మా దగ్గరే కొనాలని లేదు’’ అన్నాడు. తర్వాత అంచు, కొంగు, మళ్లీ వెనక. పక్క గదిలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. చూస్తున్నవాళ్లు వందమంది కూడా లేరు. మా ఆఫీసులో ఆ సంఖ్య చూపిస్తే ఖాతా మూసేయమంటారు. లైవ్ అయ్యేలోపు ఒక చీరకి స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో వచ్చింది, వెంటనే అడ్వాన్సు. ఆ చీర ధర, మా ఆఫీసులో ఒక రీల్‌కి మేము తీసుకునే దానికన్నా ఎక్కువ.

‘‘నీకు ఎడిటింగ్ నేర్పించనా?’’ అన్నాను సరదాగా.

‘‘వద్దక్కా. కట్ చేస్తే ఏదో దాచాననుకుంటారు.’’

మూడు సెకన్ల సూత్రం ఆ ఇంట్లో చెల్లదు. అక్కడ మొదటి మూడు సెకన్లలో కుర్రాడు గొంతు సవరించుకుంటాడు. సూత్రం తప్పని కాదు. పూతరేకుల డబ్బా కొనేవాళ్ల బొటనవేలిని ఆపడానికి అది కావాలి. నెలల పని ఉన్న చీర కొనేవాళ్లు ఆగడానికే వస్తారు, వాళ్లకి అనుమానం తీరేదాకా చూపించేవాళ్లు కావాలి. మా ఆఫీసులో రెంటికీ ఒకే ప్యాకేజీ అమ్ముతాం. పెద్దమ్మకి చీర కొన్నాను, వెనక వైపు ఫొటో ముందే పంపించి.

హైదరాబాద్ వచ్చాక రిపోర్టు రాశాను. రీల్స్ సంఖ్య సగానికి తగ్గిద్దాం. ఆ డబ్బుతో వాట్సాప్ కేటలాగ్ సరిచేసి, తెలుగులో సిద్ధంగా ఉండే జవాబులు రాసి, ఆర్డర్లు నిండిన రోజు యాడ్ దానంతట అదే ఆగేలా పెడదాం. కొత్తవాళ్లని కాదు, పాతవాళ్లని ముందు పలకరిద్దాం. వ్లాగర్ వస్తే ప్రకటన అని ముద్ర వేసే ఒప్పందం మీదే సంతకం పెట్టిద్దాం. రాత్రి తొమ్మిది తర్వాత జరిగేదే అసలు వ్యాపారం, దాన్ని మనం ముట్టుకోకుండా తేలిక చేస్తే చాలు. మా టీమ్ లీడ్ చదివి తల ఊపాడు. ఆయన తెలివిగలవాడే. ‘‘బాగుంది. కానీ ఫోన్ ఎత్తి మాట్లాడే పనిని ఏ హెడ్ కింద బిల్లు వేద్దాం?’’ అన్నాడు. చాలాసేపు చర్చించి, ఈ మధ్య అందరూ అంటున్న మాటొకటి ఉంది కదా అని, ఇన్‌వాయిస్‌లో ‘కన్వర్సేషనల్ కామర్స్ సపోర్ట్’ అని ఒక వరుస చేర్చాం.

రెండు రోజులకి అక్క ఫోన్ చేసింది. ‘‘ఈ మూడో లైనులో ఉన్నది ఏంటమ్మా?’’ అని అడిగింది.

‘‘మీరు రాత్రుళ్లు వాట్సాప్‌లో మాట్లాడతారు కదక్కా, అదే.’’

‘‘అయితే దానికి మీరు నాకు ఇవ్వాలి గదమ్మా డబ్బులు?’’

టీమ్ లీడ్‌ని లైనులోకి తీసుకున్నాను.